నల్ల తెర ముందు కాసేపు

ఈ నెల ఉత్తరాలు దాదాపు అన్నీ మన డెల్టావే. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆగిపోయాక, పనిచేస్తున్న కంప్యూటర్‌ను పారేయడానికి చేతులు రాక లైనక్స్ రకాలైన ఉబుంటునో మింట్‌నో వేయించుకున్నవాళ్లే వీళ్లలో ఎక్కువ. మా షాపు సంగతీ అంతే. అమలాపురంలో పెళ్లికార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ షాపు మాది. నాలుగు కంప్యూటర్లలో మూడు లైనక్స్‌తో నడుస్తున్నాయి. నాలుగోదాన్ని పాత పేజ్‌మేకర్ ఫైళ్ల కోసం విండోస్‌తోనే ఉంచి, దాని ఇంటర్నెట్ వైరు పీకేశాను.

ఒక మాట. కంప్యూటర్‌కు కమాండ్లు, అంటే ఆజ్ఞలు, టైపు చేసి ఇచ్చే నల్ల తెరనే టెర్మినల్ అంటారు. ఈ పేజీలో కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే ఉంటాయి. ‘డీఎఫ్’ అని ఉంటే డీ, ఎఫ్ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలు కొట్టాలి. అన్నీ చిన్న అక్షరాలే, పెద్దది కావలసిన చోట చెబుతాను. ఖాళీ ఉన్నచోట స్పేస్ కొట్టాలి, లేనిచోట కొట్టకూడదు. ఈ ఖాళీ విషయంలో ఎందుకింత పట్టుబడతానో మూడో ఉత్తరం దగ్గర తెలుస్తుంది.

ప్రశ్న: టెర్మినల్ పాస్‌వర్డ్ అడుగుతోందండి. కొడుతుంటే ఏమీ పడటం లేదు. కీబోర్డు పోయిందనుకుని కొత్తది కొన్నాను. దానిదీ అదే వరస.
— ఒక గృహిణి, పాలకొల్లు

కొత్త కీబోర్డు దాచుకోండమ్మా, ఎప్పటికైనా పనికొస్తుంది. పాత కీబోర్డుకు ఏమీ కాలేదు. ‘సుడో’ (ఎస్, యూ, డీ, ఓ) అని మొదలయ్యే కమాండ్ కొట్టినప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. మీ వెనక నిలబడ్డవాళ్లకు అది ఎన్ని అక్షరాలో కూడా తెలియకూడదని చాలా లైనక్సుల్లో చుక్కలు కూడా చూపించరు. మింట్ లాంటి కొన్నింట్లో నక్షత్రాలు కనిపిస్తాయి. ఏమీ కనిపించకపోయినా మొత్తం కొట్టేసి ఎంటర్ నొక్కండి. సరిపోతుంది.

ప్రశ్న: రొయ్యల చెరువుల లెక్కలు చూస్తాను. మేత బిల్లులు, పట్టుబడి ఫోటోలు అన్నీ ఈ కంప్యూటర్‌లోనే. డిస్కు నిండిపోయిందని రోజూ హెచ్చరిక వస్తోంది. వెయ్యి ఫోటోలు తీసేశాను. అయినా ఒక్క జీబీ పెరగలేదు.
— అకౌంట్స్ గుమాస్తా, భీమవరం

ఇక మీదట ఏదీ తీసేయకండి. ముందు ఎక్కడ నిండిందో చూద్దాం.

డీఎఫ్ -హెచ్

ఒక్కో డిస్కు ఎంత పెద్దది, ఎంత వాడారు, ఎంత మిగిలింది అని వరసలుగా చూపిస్తుంది. ‘లూప్’ అన్న మాట ఉన్న వరసల్లో 100 శాతం అని కనబడితే కంగారు పడకండి, అవి ఎప్పుడూ అలాగే ఉంటాయి. చివర ఒక్క ఏటవాలు గీత, అంటే / మాత్రమే ఉన్న వరస చూడండి. మీ అసలు డిస్కు అదే. వాడినదీ మిగిలినదీ కూడితే మొత్తానికి సరిపోవడం లేదేమిటని అకౌంట్లు చూసే మీకు వెంటనే అనుమానం వస్తుంది. దొంగలెక్కేమీ కాదు. ఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కులో మామూలుగా 5 శాతం రూట్ (కంప్యూటర్ మీద సర్వాధికారాలున్న ఖాతా) కోసం పక్కన పెడతారు. 500 జీబీ డిస్కైతే 25 జీబీ దాకా అలా పోతుంది. విత్తనాలకు ధాన్యం తీసి ఉంచడం లాంటిదే.

ఇక ఏ ఫోల్డరు మింగిందో తేల్చాలి. టెర్మినల్ తెరిచిన వెంటనే, మరెక్కడికీ వెళ్లకుండా ఇది కొట్టండి:

డీయూ -హెచ్ -డీ 1 | సార్ట్ -హెచ్

మధ్యలోని నిలువు గీతను పైపు అంటారు. డెల్టా వాళ్లకు దీన్ని వివరించడం తేలిక. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువకు, అక్కడ తూము తీస్తే బోదెలోకి, బోదె నుంచి చేలోకి. డీయూ ఒక్కో ఫోల్డరు బరువు తూచి వదులుతుంది, ఆ గీత దాన్ని సార్ట్‌లోకి పారిస్తుంది, సార్ట్ చిన్నవి పైన, పెద్దవి కింద సర్దుతుంది. డగ్లస్ మెకిల్‌రాయ్ ఆలోచనకు కెన్ థాంప్సన్ 1973లో యూనిక్స్‌లో రూపమిచ్చారు. మన ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది. ఈ విద్యలో మనం 121 ఏళ్లు సీనియర్లం, ఆయ్.

అన్నిటికన్నా కింది వరస మొత్తం కూడిక. దానిపైన ఉన్నవే మీకు కావలసినవి. అక్కడ చుక్కతో మొదలయ్యే ‘.లోకల్’ అన్న ఫోల్డరు పెద్ద అంకెతో కనిపిస్తే మీ వెయ్యి ఫోటోలు దొరికినట్టే. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లను లైనక్స్ మామూలుగా చూపించదు. మీరు మౌస్‌తో డిలీట్ చేసినవన్నీ ‘.లోకల్’ లోపల ఉన్న చెత్తబుట్టలోకి చేరతాయి. డిస్కు మీద జాగా అలాగే ఉంటుంది. చెత్తబుట్ట తెరిచి, అక్కర్లేదని ఒకసారి చూసుకుని ఖాళీ చేయండి. ఇందుకు కమాండ్ కూడా ఉంది గానీ, రెండు క్లిక్కుల పనికి నల్ల తెర దేనికి?

అప్పటికీ చాలకపోతే ‘సుడో ఆప్ట్ క్లీన్’ కొట్టండి. అప్‌డేట్ల కోసం దించుకుని, పనైపోయాక కూడా అలాగే పడి ఉన్న ప్యాకేజీలను తీసేస్తుంది. దాంతో మీ ఫైళ్ల జోలికి ఏమీ పోదు.

ప్రశ్న: ప్రాజెక్టు రిపోర్టు ఫోల్డర్‌ను పొరపాటున ‘ఆర్ఎం’తో తీసేశాను సార్. చెత్తబుట్టలో లేదు. ఫుల్ టెన్షన్‌లో ఉన్నాను. వచ్చే అవకాశం ఉందా?
— డిగ్రీ విద్యార్థి, రావులపాలెం

బాబూ, ముందు ఆ కంప్యూటర్ ఆపెయ్. ఆ తర్వాతే మిగతాది చదువు.

‘ఆర్ఎం’ చెత్తబుట్టకు పంపదు, నేరుగా తీసేస్తుంది. తీసేసిందంటే ఆ జాగా ఖాళీగా ఉందని రాసుకుంటుంది, అంతే. లోపలి సరుకు కొంతకాలం అక్కడే ఉంటుంది. నువ్వు కంప్యూటర్ వాడిన కొద్దీ కొత్త ఫైళ్లు వచ్చి దాని మీద కూర్చుంటాయి. వేరే కంప్యూటర్‌లో లైవ్ పెన్‌డ్రైవ్ (డిస్కు అక్కర్లేకుండా తన నుంచే లైనక్స్ నడిపేది) తయారుచేసుకుని, దాంతో నీ కంప్యూటర్ తెరిచి, ‘ఫోటోరెక్’ అనే ప్రోగ్రాంతో వెతుకు. పేరు చూసి ఫోటోలకే అనుకోవద్దు, డాక్యుమెంట్లు కూడా తీస్తుంది. దొరికినవాటిని మరో డిస్కులోకే దించు, అదే డిస్కులోకి దించితే మిగిలినవీ పోతాయి. ఫైలు పేర్లు మాత్రం తిరిగి రావు. ఎఫ్ అక్షరం, పక్కన అంకెలు, అలా వందలాది ఫైళ్లు వస్తాయి, ఒక్కోటీ తెరిచి చూసుకోవాలి. నీది ఎస్‌ఎస్‌డీ అయితే ఎక్కువ ఆశ పెట్టుకోకు. ట్రిమ్ అనే ఏర్పాటు ఖాళీ జాగాను నిజంగానే తుడిచేస్తుంది, ఉబుంటులో అది వారానికోసారి దానంతట అదే జరుగుతుంది. ఫోల్డరును ఎవరికైనా మెయిల్ చేశావేమో, ఫోన్‌లోకి పంపావేమో అది కూడా చూడు. చాలాసార్లు దొరికేది అక్కడే.

ఇప్పుడు నా కథ. మాఘమాసం, ముహూర్తాల ఒత్తిడి. ఒక ఫోల్డర్‌లో ‘పాత’ అన్న మాటతో మొదలయ్యే డ్రాఫ్టులు ఇరవై దాకా పోగయ్యాయి. ‘ఆర్ఎం పాత*’ అని కొడితే పోతాయి. స్టార్ గుర్తు అంటే ‘ఆ తర్వాత ఏదున్నా సరే’ అని అర్థం. నేను పాతకీ స్టార్‌కీ మధ్య స్పేస్ కొట్టాను. తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది, ‘పాత’ అనే ఫైలు లేదని. పేరు తప్పు కొట్టాను కాబోలనుకుని టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఫోల్డర్‌లో ఒక్క ఫైలు లేదు. ఆ ఒక్క ఖాళీ వల్ల నేనిచ్చింది రెండు ఆజ్ఞలైంది. ‘పాత’ అనే ఫైలు తీసెయ్, ఆపైన ఉన్నవన్నీ తీసెయ్. లేని ఫైలు గురించి నాకు ఫిర్యాదు చేసింది. ఉన్నవాటిని కిక్కురుమనకుండా తీసేసింది. ఆ వారం పదకొండు కార్డులు మళ్లీ కంపోజ్ చేశాను. ఒకదాంట్లో పెళ్లికూతురి మేనమామ పేరు మరిచిపోయాను. ఇప్పటికీ ఆయన బజార్లో ఎదురైతే నేను పక్క సందులోకి తిరుగుతాను.

అప్పటినుంచి నాదొక అలవాటు. ‘ఆర్ఎం’ కొట్టబోయే ముందు అదే వరసను ‘ఎకో’తో కొడతాను:

ఎకో పాత*

స్టార్‌ను ఫైలు పేర్లుగా మార్చేది ఆర్ఎం కాదు, దానికన్నా ముందు మన మాట వినే షెల్. ఎకోకి ఏ పేర్లు అందుతాయో ఆర్ఎంకీ అవే అందుతాయి. ఎకో వాటిని చదివి వినిపించి ఊరుకుంటుంది. జాబితా సరిగ్గా ఉంటే పై బాణం నొక్కి, ఎకో చెరిపి ఆర్ఎం పెట్టు. ఇంకా భయంగా ఉంటే ‘ఆర్ఎం -ఐ’ వాడు, ఒక్కో ఫైలుకూ అడుగుతుంది. లేదా ‘జీఐఓ ట్రాష్’ అని కొట్టి ఫైలు పేరివ్వు, చెత్తబుట్టలోకే పంపుతుంది.

ప్రశ్న: పెళ్లికి ఇద్దరం తీస్తామండి, రెండు కెమెరాలు. 1,400 ఫోటోలు వచ్చాయి. పార్టీకి వాట్సాప్‌లో పంపడానికి చిన్నవి చేయాలి. ఒక్కోటి తెరిచి సేవ్ చేస్తుంటే తెల్లారిపోతోంది.
— ఫోటో స్టూడియో, నరసాపురం

రెండు కార్డుల్లోని ఫోటోలనూ ఒకే ఫోల్డర్‌లో పోయలేదు కదా? ఒకే కంపెనీ కెమెరాలైతే రెండూ ఒకే తరహా పేర్లూ నంబర్లూ వేస్తాయి. మన టెర్మినల్‌లో ‘సీపీ’ (కాపీ), ‘ఎంవీ’ (తరలింపు) రెండూ అదే పేరుతో ఫైలున్నా అడగకుండా దాని మీద రాసేస్తాయి. జీలకర్ర బెల్లం ఫోటో మీద మీ మిత్రుడు తీసిన బూరెల బుట్ట ఫోటో కూర్చుంటుంది. ‘సీపీ -ఐ’, ‘ఎంవీ -ఐ’ అంటే అడుగుతాయి గానీ, 1,400 ఫోటోలకు వై, ఎన్ నొక్కుతూ కూర్చోవడం కన్నా రెండు కెమెరాలకూ రెండు ఫోల్డర్లు పెట్టుకోవడమే మేలు.

ఇక చిన్నవి చేయడం. ఇమేజ్‌మ్యాజిక్ అనే సరంజామా ఒకసారి వేసుకోండి, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఇమేజ్‌మ్యాజిక్’ అని. తర్వాత ఫోటోల ఫోల్డర్‌లో కుడి క్లిక్ చేసి టెర్మినల్ తెరవండి:

ఎంకేడిర్ చిన్నవి
మోగ్రిఫై -పాత్ చిన్నవి -రీసైజ్ 1600ఎక్స్1600 -క్వాలిటీ 85 *.జేపీజీ

మొదటి వరస ‘చిన్నవి’ అనే ఫోల్డరు చేస్తుంది (పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి, ఎందుకో కింద మాస్టారి ఉత్తరంలో ఉంది). రెండోది ప్రతి ఫోటోను 1600 చుక్కల చదరంలో పట్టేట్టు కుదించి అందులో పెడుతుంది. నిలువు ఫోటో నిలువుగానే, అడ్డం ఫోటో అడ్డంగానే ఉంటుంది, సాగదీయదు. మూడింట ఏది మరిచినా ఫరవాలేదు గానీ ‘-పాత్ చిన్నవి’ మాత్రం మరవకండి. అది లేకపోతే మోగ్రిఫై మీ అసలు ఫోటోల మీదే రాసేస్తుంది. ఆల్బం వేయడానికి పెద్ద ఫోటోలు మిగలవు. మొదటిసారి అయిదు ఫోటోలు వేరే ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని వాటి మీద చూసి, ఆ తర్వాతే మొత్తం మీద ప్రయోగించండి.

‘అలాంటి ఫైలే లేదు’ అని వస్తే ఫైలు పేరు చివర చూడండి. చాలా కెమెరాలు జేపీజీ అన్నది పెద్ద అక్షరాల్లో రాస్తాయి. విండోస్‌కు రెండూ ఒకటే, లైనక్స్‌కు కాదు. పని జరుగుతున్నంతసేపూ తెర మీద ఏమీ రాదు. ఆగిపోయిందనుకుని మూసేయకండి, పాత కంప్యూటర్‌కు 1,400 అంటే చాలాసేపే. అయిపోయాక లెక్క చూసుకోవడానికి:

ఎల్ఎస్ చిన్నవి | డబ్ల్యూసీ -ఎల్

డబ్ల్యూసీ అంటే మరోటి అనుకోకండి, మాటలు, వరసలు లెక్కపెట్టే గుమాస్తా. 1,400 అని వస్తే అన్నీ అయినట్టు. వచ్చే పెళ్లికి ఇదంతా మళ్లీ కొట్టక్కర్లేదు. కంట్రోల్, ఆర్ కలిపి నొక్కి ‘మోగ్’ అనండి. ఎప్పుడో కొట్టిన ఆ పొడుగు వరస మొత్తం మీ ముందుకొస్తుంది.

ప్రశ్న: నా వ్యాసాలన్నీ తెలుగులో టైపు చేసుకున్నాను. ఫైళ్ల పేర్లూ తెలుగే. టెర్మినల్‌లో ఆ పేర్లు ముక్కలై, ఒత్తులు ఎక్కడో పడుతున్నాయి. ఫైళ్లు పాడయ్యాయా? ఒక వ్యాసానికి పూర్తి పేరు పెట్టబోతే పేరు మరీ పొడుగంది. పులస గురించి ఎందులో రాశానో వెతకడం ఎలా?
— విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, ముమ్మిడివరం

నమస్కారం మాస్టారూ. ఫైళ్లకేమీ కాలేదు. టెర్మినల్ గళ్ల కాగితం లాంటిది. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం కూర్చోబెట్టడం దానికి చిన్నప్పటి నుంచీ అలవాటు. మన గుణింతాలు, ఒత్తులు గళ్లలో ఇమడవు. చూపించడంలోనే తేడా, ఫైల్ మేనేజర్‌లో తెరిస్తే చక్కగా కనిపిస్తాయి.

పేరు పొడుగు సంగతి తమాషాగా ఉంటుంది. ‘స్త్రీ’ అన్నది మీకూ నాకూ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. అక్షరాలను కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో మన లిపిలోని ఒక్కోదానికి మూడు బైట్లు పడుతుంది. అంటే స్త్రీకి 18 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక్క బైటే. ఎక్స్‌టీ4 డిస్కులో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్‌లో 255 అక్షరాలు పడితే, తెలుగులో ఆ గుణింతాలూ పొల్లులూ అన్నీ కలిపి 85 దాకానే. మీ సమాసాలకు అది చాలదు. పేరు పొట్టిగా పెట్టి, పూర్తి శీర్షిక లోపల రాసుకోండి.

తెలుగు పేరున్న ఫైలును టెర్మినల్‌లో కొట్టడానికి అవస్థ పడకండి. కమాండ్ కొట్టి, స్పేస్ ఇచ్చి, ఫైల్ మేనేజర్‌లోని ఆ ఫైలును మౌస్‌తో ఈడ్చుకొచ్చి నల్ల తెర మీద వదలండి. పేరు దానంతట అదే పడుతుంది. మా షాపులో కుర్రాళ్లకు ఇది చూపించినప్పుడు గారడీ చూసినట్టు చూశారు.

వెతకడానికి, వ్యాసాలున్న ఫోల్డర్‌లో:

గ్రెప్ -ఆర్ఎల్ పులస

లోపలి ఫోల్డర్లతో సహా అన్నీ గాలించి, ఆ మాట ఉన్న ఫైళ్ల పేర్లు మాత్రం చెబుతుంది. రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఇది మామూలు టెక్స్ట్ ఫైళ్లకే. వర్డ్, లిబ్రేఆఫీస్ ఫైళ్లు లోపల మూటకట్టి ఉంటాయి, గ్రెప్‌కు అందవు. అను ఫాంట్లలో చేసిన పాతవీ అందవు. వాటిలో కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు.

రెండోది నన్ను చాలాకాలం ఏడిపించింది. ‘పెన్‌డ్రైవ్’ లాంటి మాటలో న పొల్లు కింద డ వత్తుగా వెళ్లి కూర్చోకుండా ఆపే కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. ఒకచోట అది పెట్టి, ఇంకోచోట పెట్టకపోతే మనకు అదే మాట, గ్రెప్‌కు వేరే మాట. అందుకని ఇంగ్లిష్ మాటలను ఆ పొల్లు దాకానే వెతకండి, ‘పెన్’ అని చాలు. పులసకు ఈ బాధ లేదు. వరద నీటికి ఎదురీదే చేప కదా, గ్రెప్‌కు ఎదురొచ్చి దొరుకుతుంది.

ప్రశ్న: ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయిపోయిందని చూపించిందండి. పీకి జిరాక్స్ షాపుకి పరిగెత్తాను. అక్కడ తెరుచుకోలేదు.
— ఒక పాఠకుడు, కొత్తపేట

నా షాపుకొచ్చే పెన్‌డ్రైవ్‌లలో ఈ జబ్బు తరచూ చూస్తాను. లైనక్స్ ఫైలును ముందు ర్యామ్‌లోకి తీసుకుని, పెన్‌డ్రైవ్‌కు తీరిగ్గా రాస్తుంది. మీకు కనిపించిన ‘అయిపోయింది’ ర్యామ్ సంగతి. పీకే ముందు ‘సింక్’ అని కొట్టండి (మధ్యలో వై, చివర సీ). అది ఏమీ మాట్లాడకుండా కూర్చుంటుంది. మళ్లీ మీరు టైపు చేసుకునే వరస కనిపించిందంటే రాయడం పూర్తయినట్టు. అప్పుడు ఎజెక్ట్ నొక్కి తీయండి. గాలివాన రోజుల్లో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు కూడా ముఖ్యమైన ఫైలు సేవ్ చేయగానే నేను సింక్ కొడతాను.

ప్రశ్న: ఏ కమాండ్ గురించైనా ‘మ్యాన్’ అని కొట్టి దాని పేరు కొడితే వివరం వస్తుందన్నారు. వచ్చింది. బయటికి రావడం తెలియక రెండుసార్లు స్విచ్ ఆపేశాను.
— కొబ్బరి రైతు, అంబాజీపేట

క్యూ అక్షరం ఒక్కటి నొక్కండి, చాలు. ఎంటర్ కూడా అక్కర్లేదు.

ఇలా ఇరుక్కునే చోట్లు మరికొన్ని ఉన్నాయి. ఏదో కమాండ్ ఆగకుండా నడుస్తుంటే కంట్రోల్, సీ. నానో అనే ఎడిటర్‌లో ఉంటే కంట్రోల్, ఎక్స్. విమ్ అనే ఎడిటర్‌లో పడితే ముందు ఎస్కేప్, తర్వాత :క్యూ! కొట్టి ఎంటర్. అందులో మీరు రాసింది పోతుంది గానీ బయటపడతారు. ఇక ఏం కొట్టినా తెర ఉలకదు పలకదు అంటే, సేవ్ చేసే అలవాటు కొద్దీ కంట్రోల్, ఎస్ నొక్కి ఉంటారు. టెర్మినల్‌లో దానికి అర్థం ‘కాసేపు ఆగు’ అని. కంట్రోల్, క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది. అప్పటిదాకా మీరు కంగారులో కొట్టినవన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి, చూసి ఎంటర్ నొక్కండి.